రెండో సంతకం

"ఇవాళ పన్నెండులోగా నువ్వు పని పూర్తి చెయ్యకపోతే, సాయంత్రం ఆరింటికి ముప్ఫై వేల ఇళ్లలోకి సముద్రం వస్తుంది," అన్నాడు చీఫ్ హార్మ్‌సెన్, కాఫీలో చక్కెర కలుపుకుంటూ.

హేగ్ ఆఫీసు. శుక్రవారం, ఉదయం ఏడు. ఏజెంట్ మార్నిక్స్ ఇంకా కోటు కూడా విప్పలేదు.

"బాంబా సార్?"

"కొసైన్."

మార్నిక్స్ కోటు విప్పి కూర్చున్నాడు.

"సముద్రాన్ని ఆపే ఓస్టర్‌గాట్ గేటు ఉందిగా. పోటు ఎంత ఎత్తున వస్తుందో కంప్యూటరే లెక్కేసుకుని దానంతటదే మూసుకుంటుంది. పోటు లెక్కంతా కొసైన్లే. ఆ కొసైన్లు లెక్కకట్టేది ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లోని గణిత లైబ్రరీ, అంటే లెక్కలు చేసిపెట్టే కోడు. ఎవరి సొత్తూ కాదు, అందరూ వాడతారు. పంతొమ్మిదేళ్లుగా దాన్ని చూసుకుంటున్నది ఒక్కావిడ. పేరు వొబీనా. రిటైరైన లెక్కల టీచరు. జీతం లేదు."

"ఆవిడ శత్రువులతో కలిసిందా?"

"ఆవిడ కాదు. సాయం చెయ్యడానికి చేరిన మనిషి." చీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. ఎర్ర కోటు, దానికి సరిపడా పెదవులు. "లియోంటీన్. విదేశీ ముఠాకి పనిచేస్తుంది. మనకీ పనిచేస్తుంది. మూడేళ్లలో ఆ లైబ్రరీకి నాలుగు వందల పన్నెండు సవరణలు రాసింది. వాటిలో ఒకటి విషమని నిన్న చెప్పింది. ఏదో మాత్రం పన్నెండు దాటాక చెప్తుందట."

"పన్నెండుకి ఏమవుతుంది?"

"కొత్త వెర్షన్ దానంతటదే విడుదలవుతుంది. గేటు వెంటనే ఎక్కించుకుంటుంది. ఆరింటికి తుఫాను పోటు. గేటేమో నీళ్లు తక్కువేననుకుని నోరు తెరుచుకుని ఉంటుంది."

"చేత్తో మూసెయ్యొచ్చుగా?"

"కమిటీ కూర్చోవాలి."

"కూర్చోమనండి."

"సోమవారం కూర్చుంటుంది."

గ్యాస్ మీటరు మనిషి యూనిఫారం, కెమెరా కళ్లద్దాలు, షాక్ కొట్టే పెన్ను తీసుకుని మార్నిక్స్ గ్రోనింగెన్ రైలెక్కాడు. స్వోలె దగ్గర పట్టాల మీద ఆకులు పడ్డాయని రైలు నలభై నిమిషాలు ఆగింది. దేశభద్రతకి, రాలిన ఆకులకి మధ్య పోటీ పెడితే ఎవరు గెలుస్తారో ఆ రైల్వేకి ఎప్పుడూ సందేహం లేదు.

పదీ యాభైకి వొబీనా ఇంటి బెల్లు కొట్టాడు.

"గ్యాస్ మీటరండీ."

"మంగళవారమే చూసి వెళ్లారు," అంది వొబీనా. తలుపు పడింది.

మళ్లీ కొట్టాడు. ఈసారి అసలు కార్డు చూపించాడు. "సీక్రెట్ సర్వీస్, మేడమ్."

"అపాయింట్‌మెంట్ ఉందా?"

"దేశభద్రత మేడమ్!"

ఆవిడ కళ్లజోడు సర్దుకుని డైరీ తిప్పింది. "వచ్చే గురువారం పావు తక్కువ మూడు. కుదురుతుందా?"

ఆవిడ భుజం మీదుగా లోపలికి చూశాడు మార్నిక్స్. సోఫాలో ఎర్ర కోటు. లియోంటీన్ కాఫీ కప్పు ఎత్తి అతనికి చీర్స్ చెప్పింది. ఆమెకి అపాయింట్‌మెంట్ ఉంది.

"రానివ్వండి మేడమ్, పాపం తడుస్తున్నాడు," అంది తియ్యగా.

లోపలికొచ్చాక ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వొబీనా కాఫీ పోసి, ఒక్క బిస్కెట్ చేతిలో పెట్టి, టిన్ను మూత బిగించింది. పొద్దుట్నించీ ఏమీ తినని మార్నిక్స్ ఆ మూతకేసి చూశాడు.

"నిజమా లియోంటీన్?" అంది వొబీనా.

"ఏ సవరణ, ఏ లైను? అడగండి మేడమ్ ఆయన్ని."

"అవును బాబూ, ఏ లైను?"

"తెలీదు."

"పంతొమ్మిదేళ్లుగా ఇదే ఖర్మ," అని వొబీనా విసుక్కుంది. "పనిచెయ్యట్లేదంటారు. ఏది పనిచెయ్యట్లేదో చెప్పరు. కనీసం ఫారం నింపరు!"

పదకొండూ ఇరవై. ఒక్కో సవరణ చదవడానికి అరగంట. మిగిలినవి నలభై నిమిషాలు. మార్నిక్స్‌కి లెక్కలు రావు. మనుషులు మాత్రం కొద్దోగొప్పో వచ్చు.

"ఈవిడ మీతో గొడవపడేదా?"

"గొడవా!" ఆవిడ మొహం వెలిగిపోయింది. "టాంజెంట్ దశాంశంలో చివరి అంకె కోసం మూడు వారాలు కొట్టుకున్నాం. క్రిస్మస్ రోజు కూడా వదల్లేదు. నాతో సరిగ్గా పోట్లాడిన మనిషి ఇన్నేళ్లలో ఇదొక్కతే."

"గొడవ లేకుండా తేలిపోయింది ఏదైనా ఉందా?"

లియోంటీన్ కప్పు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"ఒకటుంది," అంది వొబీనా నెమ్మదిగా. "ఆగస్టులో. ఒక పట్టికలో అంకెల మధ్య ఖాళీలు సర్దింది, అంతే. ఒక మాట మార్చమంటే 'మీ ఇష్టం మేడమ్' అంది. ఒంట్లో బాలేదేమో అనుకున్నాను."

వంటింటి అల్మరా తలుపు లోపల అంటించిన పాత కాగితం ఊడదీసుకొచ్చింది. రెండుని π (పై)తో భాగిస్తే వచ్చే అంకెల వరస. దాన్ని తెరమీది పట్టికతో వేలుపెట్టి పోల్చింది. నలభై ఒకటో సంఖ్య దగ్గర వేలు ఆగింది.

"ఒక్క అంకె మారింది. చిన్న కోణాలకి ఈ పట్టికతో పనే లేదు, అందుకే పరీక్షల్లో దొరకలేదు. పెద్ద కోణాలకే కావాలి. పోటు లెక్కలో అన్నీ పెద్దవే."

దిద్దింది. పదకొండూ నలభై ఎనిమిది.

"నొక్కండి మేడమ్!"

"నొక్కాను. రెండో సంతకం కావాలి."

"ఎవరిది?"

వొబీనా సోఫా వైపు చూసింది.

"ఒక్కదాన్నే చేస్తుంటే ఏనాటికైనా తప్పు చేస్తానని భయం నాకు. రెండో మనిషి దొరికిందన్న సంబరంలో, రెండు సంతకాలు లేనిదే ఏదీ మారకూడదని జనవరిలో సర్వర్లో బిగించేశాను."

"తీసెయ్యండి ఆ రూలు!"

"తియ్యడానికీ, విడుదల ఆపడానికీ రెండు సంతకాలు కావాలి బాబూ."

మార్నిక్స్ జుట్టు పీక్కోవడం ఒక్కటే తక్కువ. పెన్ను తీశాడు.

"షాకిస్తే నా వేళ్లు బిగుసుకుపోతాయి," అంది లియోంటీన్. "పాస్‌వర్డ్ ఎవరు కొడతారు, మీ చీఫా?"

"పాస్‌పోర్టు ఇప్పిస్తాను."

"పన్నెండు దాటితే అవతలివాళ్లు రెండిస్తారు."

పదకొండూ యాభై ఆరు. వొబీనా టిన్ను మూత తీసింది. రెండో బిస్కెట్ తీసి లియోంటీన్ సాసర్లో పెట్టింది. అతిథికి ఒక్క బిస్కెటే పెట్టే ఆ దేశంలో పుట్టిపెరిగిన మార్నిక్స్ అలాంటి దృశ్యం ఇంతవరకూ చూడలేదు.

"ఈ లైబ్రరీలో ఏదీ చెరగదమ్మాయ్. ఆ తప్పు అంకె పక్కన నీ పేరే ఉంటుంది, ఎప్పటికీ. ముఠా గురించి ఎవరికి తెలుసు? లియోంటీన్‌కి అంకెలు చూసి దించడం కూడా రాదనుకుంటారు."

"అనుకోనివ్వండి."

"టాంజెంట్ గురించి నువ్వు వాదించిందీ తప్పేననుకుంటారు."

"టాంజెంట్‌లో తప్పు మీది!"

"అంకె దించలేనిదాని మాట ఎవరు నమ్ముతారే?"

లియోంటీన్ లేచింది. కిటికీ దాకా వెళ్లింది. వెనక్కి తిరిగింది. బిస్కెట్ నోట్లో వేసుకుని విసురుగా లాప్‌టాప్ ముందు కూలబడింది.

పదకొండూ యాభై తొమ్మిది. నలభై సెకన్లు.

"మీరు రాసిన వివరణ బాలేదు మేడమ్. నలభై ఒకటో సంఖ్య అని—"

"తర్వాత!" అని మార్నిక్స్ అరిచాడు.

పాస్‌వర్డ్ కొట్టింది. బూడిదరంగు బటన్ ఆకుపచ్చగా మారింది. రెండు సెకన్లు మిగిలాయి.

బేడీలతో పోలీసు కారెక్కాక లియోంటీన్ తలుపుకి కాలు అడ్డం పెట్టింది. "టాంజెంట్‌లో నాలుగో పదం తప్పు. చెప్పి రండి," అంది. మార్నిక్స్ వానలో వెనక్కి వెళ్లి బెల్లు కొట్టాడు.

"ఆధారాలు జతచేసి పంపమను," అంది వొబీనా. ముక్కు ఎర్రగా ఉంది.

"ఆవిడ జైలుకి వెళ్తోంది మేడమ్!"

"మంచిదే. తీరిగ్గా రాయమను."

సాయంత్రం ఆరింటికి గేటు మూసుకుంది. మార్నిక్స్ రిపోర్టు రెండు వాక్యాల్లో ముగించాడు: ముఠా మనిషి చిక్కింది. టాంజెంట్ గొడవ ఇంకా తేలలేదు.