రాకుండా పోయిన ఎర్రర్

“నా కప్పులో ఆయనకెందుకు పోశావు?”

“అబ్బ, కప్పు దగ్గర కూడా కుళ్ళేనా? ఆయన మా బావ. దారినపోయేవాడేం కాదు,” అంది భార్య.

పై వాటాలో ఉండే తోడల్లుడు ఆ కప్పులోనే కాఫీ తాగి, “వస్తా తమ్ముడూ, ఇవాళ పెద్ద పనుంది,” అంటూ అప్పుడే వెళ్ళాడు.

ఇంట్లోవాళ్ళకు తోడల్లుళ్ళిద్దరూ బీమా కంపెనీ ఉద్యోగులు. నిజానికి ఇద్దరూ గూఢచారులే. పెద్దాయన కోడ్‌నేమ్ డేగ. పారాచూట్లు, మారువేషాలు, పతకాలు ఆయనవి. చిన్నాయనకు కోడ్‌నేమే లేదు. బేస్‌మెంట్‌లో పాత సర్వర్లకు టేపుల మీద బ్యాకప్‌లు తీస్తాడు గనక అందరూ టేపులాయన అంటారు.

పదకొండింటికి చీఫ్ బ్రీఫింగ్.

“విదేశాల్లో ఉన్న మన తొమ్మిదిమంది ఏజెంట్ల అసలు పేర్లు సరిగ్గా పన్నెండింటికి పాత సర్వర్ నుంచి సరిహద్దు స్టేషన్‌కి వెళతాయి. శత్రుముఠా కాచుకుని ఉంది. ఆ పేర్లు వాళ్ళకు చిక్కితే తొమ్మిది శవాలు లేస్తాయి. ఆపరేషన్ డేగది. టెక్నికల్ సాయం వెన్నెల.”

వెన్నెల మిత్రదేశం పంపిన ఏజెంట్. ఆమె డేగ వంక చూసి నవ్విన నవ్వుకు టేపులాయన కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు.

“మరి నేను?”

“రోజూ చేసేదే.”

పదకొండూ యాభైకి డేగ ఫోన్.

“తమ్ముడూ! ఆ పాత సర్వర్ బ్యాకప్‌లో రోజూ వచ్చే ఎర్రర్ ఆరేళ్ళుగా నీవల్ల పోలేదు కదా? వెన్నెల పది నిమిషాల్లో పోగొట్టింది. అంతా గ్రీన్! చూసి నేర్చుకోవయ్యా.”

టేపులాయన కడుపు భగ్గుమంది. ఆ ఎర్రర్ పోయేది కాదు. కొత్త బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ప్రతి మెషీన్‌లోనూ ఒక చిప్ కోసం వెతుకుతుంది. ఆ పాత సర్వర్ తయారైన నాటికి అలాంటి చిప్పే లేదు. దొరకలేదని ఒక అరుపు అరిచి, ఆ తర్వాత బ్యాకప్ శుభ్రంగా పూర్తిచేస్తుంది. హాని లేని గోల.

వెన్నెల ఎర్రర్ కనబడకుండా నొక్కేసిందేమోనని సెట్టింగులు వెతికాడు. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. రిపోర్టులో మాత్రం స్పష్టంగా ఉంది: చిప్ దొరికింది.

అయితే ఆమె అద్భుతమైనా చేసి ఉండాలి, లేదా జవాబిస్తున్నది ఆ సర్వరే కాకపోవాలి. ఆమె తనకంటే తెలివైనదని ఒప్పుకోవడం కన్నా, శత్రువని అనుమానించడమే అతనికి సుఖంగా తోచింది.

ర్యాక్ వెనక్కి పరుగెత్తాడు. పాత సర్వర్ కేబుల్ అరచేతిలో పట్టే నల్లపెట్టెలోకి దూరి, అందులోంచి బయటికి పోతోంది. పాత సర్వర్ పేరు పెట్టుకుని, లోపల చిప్ ఉన్న ఆ కొత్త పెట్టే పలుకుతోంది. ఇక వెళ్ళే ప్రతి పేరూ దాని చేతిమీదుగానే.

“ముట్టుకోకు.”

వెనకాల వెన్నెల. ఆమె లిప్‌స్టిక్ గొట్టం అతని గుండెకు గురిపెట్టి ఉంది.

“అంత మొనగాడే నమ్మాడు. నీకెలా అనుమానమొచ్చింది?”

“నాకు ఓర్వలేనితనం ఎక్కువండీ,” అంటూ కేబుల్ పట్టుకుని నేలమీద పడ్డాడు. తూటా ర్యాక్‌కు తగిలింది. కేబుల్ ఊడింది. గడియారంలో పన్నెండుకు ఇంకా ఒక్క సెకను ఉంది. చప్పుడుకు గార్డులు దిగి వెన్నెలను పట్టుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం రెండు వాటాలవాళ్ళూ కలిసి భోజనాలకు కూర్చున్నారు. డేగ తల ఎత్తడం లేదు.

“అత్తయ్యా, నాకు ప్రమోషన్ ఇస్తామన్నారు,” అన్నాడు టేపులాయన. “వద్దన్నాను. బదులుగా అన్నయ్యను నా సెక్షన్‌కి అడిగాను. ఇచ్చారు. రేపట్నుంచి నా కిందే.”

“ఇద్దరూ ఒక్కచోటే! ఎంత చల్లని మాట చెప్పావు నాయనా!” అంది అత్తగారు.

“ఏం పని మరిదిగారూ?” అంది వదిన.

“కష్టమేం కాదు వదినా. రావలసిన ఎర్రర్లు రోజూ వచ్చాయో లేదో చూసుకోవాలి. రాని రోజున పరుగెత్తుకొచ్చి నాకు చెప్పాలి.”

డేగకు ముద్ద దిగలేదు. టేపులాయనకు మాత్రం చాలా ఏళ్ళ తర్వాత కరకరా ఆకలేసింది.