అర్థం చెప్పని అంకెలు

రెండుసార్లు తన కోడ్‌ను తిప్పి పంపిన మనిషి, తన కంపెనీ పంచిన టీషర్టే వేసుకుని, తన కంపెనీ తెప్పించిన సమోసానే తింటూ కనబడేసరికి ఇంద్రాణికి ఒళ్ళు మండింది.

2007, ఆగస్టు నెల. ఢిల్లీలో లినక్స్ అనే ఉచిత కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు నెలకోసారి కలుసుకునే సమావేశం. హాలు అద్దె దగ్గర్నుంచి టీ దాకా ఖర్చంతా నోయిడాలో ఇంద్రాణి పనిచేసే కంపెనీదే. ల్యాప్‌టాప్‌లకు వైఫై అందించే కార్డులు తయారుచేస్తుంది ఆ కంపెనీ. కార్డు లినక్స్‌లో పనిచేయడానికి కావలసిన డ్రైవర్ కోడ్ ఇంద్రాణి రాసింది. దాన్ని లినక్స్‌లో చేర్చాలో వద్దో తేల్చేది మాత్రం జీతం లేకుండా పనిచేసే వాలంటీర్లు. వాళ్ళలో ఈ కోడ్ చూసినవాడు భరద్వాజ్.

అతని మెడలో వేలాడే బ్యాడ్జీ మీద పేరు చూసింది. ఫోన్లో వాళ్ళమ్మతో తెలుగులో మాట్లాడటమూ వింది. అతను ఫోన్ పెట్టేసేదాకా ఆగింది.

"మా టీషర్టు వేసుకుని మా కోడ్‌నే కాదనడానికి మొహమాటంగా లేదా మీకు?"

అతను తల ఎత్తాడు. ఆమె బ్యాడ్జీ చదివాడు. సమోసా పక్కన పెట్టాడు.

"టీషర్టు సరిపోయిందండీ. కోడే సరిపోలేదు."

"ఏం తక్కువైంది? కార్డు పనిచేస్తోంది కదా."

"చేస్తది. ఎందుకు చేస్తదో ఎవరికి తెల్వదు. కోడ్ నిండ అంకెలున్నయ్. ఏ అంకె ఏం చేస్తదో ఒక్క ముక్క రాయలేదు మీరు."

"అది కంపెనీ సీక్రెట్. నాకు పర్మిషన్ లేదు."

"మరి రేపు ఎవరిదో ల్యాప్‌టాప్‌ల అది ఆగిపోతే, మేం ఏం చూసి బాగుచెయ్యాలె?"

ఆమె విసురుగా అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది.

భరద్వాజ్‌ది వరంగల్. ఢిల్లీ జియా సరాయ్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. ఇంద్రాణి పుట్టింది ఒంగోలులో, పెరిగింది ఢిల్లీలోనే, ఆర్.కె.పురం గవర్నమెంటు క్వార్టర్లలో. తర్వాతి శనివారం వాదన పూర్తిచేద్దామని ఆమే జియా సరాయ్ వెళ్ళింది. వాదన పూర్తికాలేదు. ఆపై వారమూ కాలేదు. వాన వస్తే టీకొట్టు రేకు కింద నిలబడి వాదించుకున్నారు. వాన తగ్గాక కూడా అక్కడే నిలబడ్డారని ఇద్దరికీ తెలుసు, ఎవరూ అనలేదు. కోడ్ మాత్రం మూడోసారీ తిరిగొచ్చింది.

అప్పుడే మేనేజరు సదాశివరావు ఆమెను గదిలోకి పిలిచాడు.

"శుక్రవారం హెడ్డాఫీసుతో కాల్ ఉందమ్మా. ఈలోగా మన కోడ్ లినక్స్‌లోకి వెళ్ళకపోతే ఈ టీమ్ ఎత్తేస్తారు. నిన్ను బెంగళూరు వెయ్యమంటున్నారు."

"సర్, ఆ అంకెల అర్థం బయటపెట్టనిస్తే..."

"ఆ ఒక్కటీ అడక్కు."

ఈ సంగతి ఆమె భరద్వాజ్‌కు చెప్పలేదు. చెబితే సాయం అడిగినట్టు అవుతుంది. కానీ ఆఫీసులో పక్క సీటు సందీప్ అతనికి ఫోన్ చేసి చెప్పేశాడు. బుధవారం సాయంత్రం ఆమె ఆఫీసు గేటు దాటేసరికి భరద్వాజ్ ఎదురుగా ఉన్నాడు. చొక్కా తడిసిపోయి ఉంది.

"మీ కోడ్ తీసుకుంటున్న," అన్నాడు. "రేపే."

ఒక్క క్షణం ఆమె గుండె తేలికపడింది. మరుక్షణం భయం వేసింది.

"ఎందుకు?"

"మీరు పోతరని."

"మూడుసార్లు కాదన్నారు. అప్పుడు చెప్పిన కారణం ఏమైపోయింది?"

అతను జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"చెప్పండి భరద్వాజ్ గారూ. ఆ అంకెలకి ఇప్పుడు అర్థం తెలిసిపోయిందా?"

"తెల్వలేదు."

"అయితే తీసుకోకండి." ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "మీరు సరైనదాని కోసం గొడవపడే మనిషని మిమ్మల్ని..." అక్కడ ఆగిపోయింది. "నా కోసం మీరు తప్పు చేస్తే రేపు మీ మొహం నేనెలా చూడను?"

జవాబు కోసం ఆగకుండా వానలోనే ఆటో ఎక్కేసింది. అతను పిలుస్తాడేమో అనుకుంది. పిలవలేదు.

శుక్రవారం కాల్ మొదలైంది. బల్ల మధ్యలో స్పీకర్ ఫోన్. అవతల హెడ్డాఫీసు పెద్దలు. తనను అడగకముందే ఇంద్రాణి నోరు విప్పింది.

"మనం వాళ్ళకి సమోసాలిచ్చాం, టీషర్టులిచ్చాం. వాళ్ళు అవి అడగలేదు. అంకెల అర్థం అడిగారు. ఈ కార్డు తయారీ మనం రేపో మాపో మానేస్తాం. కొన్నవాళ్ళు వాడటం మానరు. అప్పుడు దాన్ని ఊరికే బాగుచేసి పెట్టేది వాళ్ళే. ఆ పని చెయ్యనివ్వమని అడుగుతున్నాను."

సదాశివరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన తనను బయటకు పొమ్మంటాడనే అనుకుంది ఇంద్రాణి. ఆయన ఫోన్ దగ్గరకు వంగాడు.

"ఈ అమ్మాయి చెప్పింది నిజం. ఈ ఒక్క కార్డుకి అనుమతివ్వండి. ఏదైనా తేడా వస్తే బాధ్యత నాది."

అవతలివాళ్ళు మ్యూట్ చేసుకున్నారు. చాలాసేపటికి మళ్ళీ గొంతు వినబడింది. ఈ ఒక్క కార్డుకి సరే, టీమ్‌నూ ఉంచుతాం. మిగతావాటి సంగతి తర్వాత.

మర్నాడు శనివారం పొద్దున్నంతా ఇంద్రాణి ఒక్కో అంకె పక్కన దాని అర్థం రాసింది. మధ్యాహ్నానికి పంపించి, స్క్రీన్ ముందు కదలకుండా కూర్చుంది. అమ్మ భోజనానికి పిలిచినా లేవలేదు. అతనికి కోపం వచ్చిందేమో. ఈ పని వేరేవాళ్ళకి అప్పగించేశాడేమో. బుధవారం ఆ మాటలు మరీ గట్టిగా అనేసిందేమో.

చివరికి మెయిల్ వచ్చింది. వాలంటీర్లందరికీ చేరే మెయిల్ అది, ఎప్పటిలాంటి పొడి ఇంగ్లీషులోనే. ఒకచోట మీరు రాసిన అర్థం పక్క అంకెతో పొసగడం లేదు, సరిచేయండి.

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. చూసింది. నిజంగానే తప్పు. దిద్ది పంపింది. కాసేపటికి ఒక్క మాట జవాబు: తీసుకున్నాను.

వెంటనే ఫోన్ మోగింది.

"మీ క్వార్టర్ల గేటు దగ్గరున్న," అన్నాడు భరద్వాజ్. "మెయిల్ ఈ పక్క సైబర్ కేఫ్ నుంచే పంపిన. కిందికి వస్తరా?"

ఆమె చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా మెట్లు దిగింది. అతను గేటు బయట నిలబడి ఉన్నాడు.

"బుధవారం మీరు ఆపకపోతే చెడ్డపనే చేస్తుంటి. ఇప్పుడు కోడ్ సంగతి ఒడిసింది. అందుకే అడుగుతున్న. మీరు నాకు కావాలె ఇంద్రాణీ. మీ నాన్నతోని మాట్లాడనా?"

ఆమె గేటు తెరిచింది.

"ఏం చేస్తుంటారని అడుగుతారు నాన్న."

"లెక్కలు చెప్తనని అంట."

"ఇంకా?"

"ఇంకా... జీతం లేకుండ ఊరందరి కోడ్‌కి వంకలు పెడతనని అంట."

"అచ్ఛా. ఆ రెండోది నేను చెప్తాలెండి," అంది ఇంద్రాణి. అతని చెయ్యి పట్టుకుని మెట్లవైపు నడిచింది.