అతుకుల్లో ఊపిరి

మధ్యాహ్నమే అయినా ఆ రికార్డింగు గదిలో పగలూ రాత్రీ ఒకటే. కిటికీల్లేవు. శబ్దాన్ని మింగేయడానికి గోడల నిండా దళసరి స్పాంజి. అద్దం అవతల చిన్న గదిలో మైకు ముందు కూర్చుని అక్క చరిత్ర కథలు చెబుతుంది. ఇవతల చెల్లెలు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ కథల్లోని దగ్గులూ తడబాట్లూ కత్తిరిస్తుంది.

బళ్లో చరిత్రంటే చెల్లెలికి ఒళ్లుమంట. ఎవడు ఎవడి మీద దండెత్తాడో, ఎవడికెన్ని ఏనుగులో బట్టీ పట్టడం తప్ప అందులో మనిషన్నవాడు కనిపిస్తే ఒట్టు. అక్క రికార్డింగులు శుభ్రం చేస్తూ చేస్తూనే చరిత్ర పిచ్చి అంటుకుంది. ఉప్పు మూటలతో ఎడారి దాటినవాళ్లు, మహమ్మారికి తలుపులు మూసుకున్న ఊళ్లు, పన్ను కట్టలేక కొండలెక్కిన రైతులు... ఇప్పుడు అన్నం దగ్గర కూడా వదలదు, తర్వాతేమైందని. బళ్లో గురక పెట్టినదానివి, ఇప్పుడు నా ప్రాణం తోడేస్తున్నావేమే అని అక్క నవ్వుతుంది.

ఈ వారం కథ చెల్లెలు పట్టుబట్టి చెప్పిస్తున్నదే. వెయ్యేళ్ల కిందటి కోట ఒకటి. గోడ నిలవడం లేదని రాజు తాపీవాళ్లనే బతికుండగా అందులో నిలబెట్టి కట్టించేశాడు. రాజు పేరు శాసనం మీద ఉంది. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. కోటలు కట్టేది చెమట, పేరు కొట్టేసేది కిరీటం, ఈసారి కిరీటం ఊసెత్తొద్దు, వాళ్లనే వచ్చి చెప్పమని పిలువు అని చెల్లెలు మండిపడింది. అక్క వెనకాడింది. చివరికి సరేనంది.

దగ్గు కత్తిరిస్తే అక్కడ గొయ్యిలా ఖాళీ పడుతుంది, వినేవాడి చెవి ఉలిక్కిపడుతుంది. అందుకని మనుషులెవరూ లేనప్పుడు ఆ చిన్న గది నిశ్శబ్దాన్ని ముందే రికార్డు చేసి, ఖాళీల్లో అతికిస్తారు. అక్క అద్దం అవతల రెండో భాగం చెబుతుండగా చెల్లెలు మొదటి భాగానికి అతుకులు వేస్తోంది.

అతుకు వేసిన చోటల్లా ఏదో ఉంది.

వాల్యూం పెంచింది. ఊపిరి. అక్కది కాదు. ఏసీ ఏమో అనుకుని ఆపేసింది. పోలేదు. ఇంకా పెంచింది. ఒకరిది కాదు... చాలామందివి. ముక్కులకేదో అడ్డం పడ్డట్టు, పొడిబారిన ఊపిర్లు. గదిలో తడి సున్నం వాసన.

మనుషులు లేని గదినే కదా రికార్డు చేసింది...

ఆ ఊపిర్ల మధ్య ఎవరో గొంతు సవరించుకున్నారు. కథ మొదలుపెట్టబోయేవాళ్లలా.

తలెత్తి చూసింది. అక్క పెదాలు కదలడం లేదు. తల ఓ పక్కకు వాల్చి, కళ్లు మూసుకుని... వింటోంది.

చెల్లెలు తన మైకు మీట నొక్కింది. "అక్కా, బయటికొచ్చెయ్."

"ఉష్..." అక్క కళ్లు తెరవలేదు. "చెబుతున్నారే. మధ్యలో లేస్తే బాగోదు."

"ఎవరు?"

"నువ్వు పిలవమన్నవాళ్లే."

పరుగెత్తి తలుపు లాగింది. తెరుచుకుంది. హమ్మయ్య. అక్క చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది. నాకు ఏ కథా వద్దు, ఏ చరిత్రా వద్దు, వచ్చెయ్ అని బతిమాలుతూ లాగింది. అక్క లేచింది... సగం. మెడ వెనక్కి విరుచుకుని మళ్లీ కూలబడింది.

"మెల్లగా లాగవే," అంది నొప్పిగా.

ఎప్పుడూ చేయి చాపినా అందని గోడ ఆమె వీపుకు ఆనుకుని ఉంది. స్పాంజి ఎక్కడా చిరగలేదు.

అక్క జడ సగమే బయట ఉంది.