పెద్ద సినిమా పక్క హాలు

నా బోర్డు మీద నన్ను అడక్కుండా చెయ్యి వేసిన మొదటి మనిషి ఆ అమ్మాయే.

మా మావయ్య థియేటర్లో మూడు హాళ్లున్నాయి. ఏ హాల్లో ఏ సినిమా, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఇంటర్వెల్, అన్నీ ఆఫీసు గోడకున్న ఇనుప బోర్డు మీద రంగురంగుల అయస్కాంతం బిళ్లలతో నేను పెడతాను. మూడు హాళ్లకీ కలిపి ఒకటే వరండా, ఒకటే క్యాంటీన్. రెండు హాళ్లకి ఒకేసారి ఇంటర్వెల్ పడిందంటే పాప్‌కార్న్ దగ్గర జనం ఒకర్నొకరు తొక్కుకుంటారు. అలా పడకుండా చూడడమే నా ఉద్యోగం. మేనల్లుణ్ణి కాబట్టి ఉద్యోగం ఇచ్చారని స్టాఫ్ చెవులు కొరుక్కుంటారు. అది నిజమే. కానీ అది ఊడిపోకుండా ఉన్నది మాత్రం నా పనితనం వల్లే.

ఆ రోజు బయట కుండపోత. తలుపు తోసుకుని ఒకమ్మాయి లోపలికొచ్చింది. నీళ్లు కారుతున్న గొడుగు తెచ్చి నా కుర్చీకే తగిలించింది. నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లి, మూడో హాల్లో ఉదయం ఆటకి పెట్టిన ఆకుపచ్చ బిళ్ల పీకి సాయంత్రం ఆటకి అంటించింది.

"ఏంటండీ అది?" అన్నాను.

"ఆకుపచ్చ బిళ్ల మా సినిమాయే కదా?"

"మీ సినిమానా? మీరెవరు?"

"ఎడిటర్‌ని. డైరెక్టర్ మా అన్నయ్య. ప్రొడ్యూసర్ కూడా అన్నయ్యే. పోస్టర్లు అంటించేది మేమిద్దరం. ఉదయం తొమ్మిదింటికి ప్రేమ కథ ఎవరు చూస్తారండీ? ఆ టైంకి మొగుడూ పెళ్లాలే మాట్లాడుకోరు."

నవ్వొచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి ఆపుకున్నాను.

"సాయంత్రాలన్నీ పెద్ద సినిమావండీ. ఎర్ర బిళ్లలు చూశారుగా?"

అప్పుడు చూసింది. బోర్డు నిండా ఎర్రగా, తట్టు పోసినట్టు ఉన్నాయి బిళ్లలు. ఆ అమ్మాయి మొహం వాడిపోయింది.

"అది మా శుక్రవారమే వస్తోందా? ఎవరూ చెప్పలేదే. అయితే మేం తప్పుకుంటాం. వచ్చే నెలకి వేసుకుంటాం."

గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. నా కుర్చీ తడిసిపోయింది. ఆ తడి కుర్చీలో కూర్చుని ఎందుకు నవ్వుకుంటున్నానో నాకే అర్థం కాలేదు.

ఇక మొదలైంది తమాషా. చిన్న సినిమా వచ్చే నెలకి జరిగింది. వారం తిరక్కుండా పెద్ద సినిమావాళ్లు గ్రాఫిక్స్ పూర్తి కాలేదంటూ సరిగ్గా ఆ శుక్రవారానికే జరిగారు. ఎడిటర్ పరుగెత్తుకొచ్చి ఆకుపచ్చ బిళ్లని ఇంకో రెండు వారాల తర్వాతికి జరిపింది. పెద్ద హీరోగారికి ఆ తేదీ కలిసిరాదని ఎవరో చెప్పారట, ఎర్ర బిళ్లలు కూడా వెనకాలే వెళ్లి పక్కన చేరాయి.

"ఇది మా వెంట పడుతోందండీ," అంది ఎడిటర్. "నిజం చెప్పండి టైంటేబుల్ గారూ, మా డేట్లు వాళ్లకి మీరే చెబుతున్నారా?"

టైంటేబుల్ గారు నేనే. ఆ పేరు తనే పెట్టింది.

"నాకేం పనండీ?" అన్నాను గానీ, వాయిదా పడ్డప్పుడల్లా తను ఆఫీసుకి వస్తుంది కాబట్టి నాకు లోపల పండగే. ఆ సంగతి పైకి తెలిస్తే గొడుగు నా వీపు మీద విరిగేది.

ఆ తర్వాతిసారి తను వచ్చేసరికి నేను ముందే ఆకుపచ్చ బిళ్ల తీసి జేబులో వేసుకున్నాను.

"ఇంక పారిపోకండి," అన్నాను. "పెద్ద సినిమా లేని శుక్రవారం రోడ్డు మీద మనిషే ఉండడు. అదుంటే ఊరంతా ముస్తాబై బయటికొస్తుంది. టికెట్ దొరకని వాళ్లు ఆ ముస్తాబుతో ఇంటికెళ్లరండీ, పక్క హాల్లోకి తొంగి చూస్తారు. ఆ పక్క హాల్లో మీరుండాలి."

"పెద్ద సినిమా మన ఏరియాకి కొన్నది మీ మావయ్యగారే కదా?"

"అవును."

"మమ్మల్ని తీసుకెళ్లి దాని కింద పడేసి, పైగా మంచి సలహా అంటారా? నా చెవిలో పువ్వులున్నాయా?"

నేను నోరు తెరిచేలోపే వెళ్లిపోయింది. ఈసారి గొడుగు మర్చిపోయింది. బయట వాన పడుతూనే ఉంది.

మర్నాడు గొడుగు కోసమే వచ్చినట్టు వచ్చింది. దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ నిలబడింది.

"అన్నయ్యతో మాట్లాడాను. ఇంకోసారి వాయిదా వేస్తే మా సినిమాలో వాళ్ల చేతుల్లో ఉన్న ఫోన్లు కూడా పాతబడిపోతాయన్నాడు. ఈ శుక్రవారమే వస్తాం." గొడుగు తిప్పడం ఆపింది. "ఇది ఆడకపోతే నేను సోమవారం వేరే ఊళ్లో టీవీ చానల్లో చేరాలి. వాళ్లు తొందర పెడుతున్నారు. అన్నయ్య ఇంక సినిమాల జోలికి వెళ్లడట."

ఆ క్షణం దాకా నేను సినిమా గురించే బాధపడుతున్నాననుకున్నాను. కాదు. తను వెళ్లిపోతుందనే నా బాధంతా.

మావయ్యని క్యాంటీన్ దగ్గర పట్టుకున్నాను.

"మూడో హాలు మాట్నీ చిన్న సినిమాకిద్దాం మావయ్యా."

"ఎందుకు?"

"బావుంటుంది."

"చూశావా?"

"లేదు. ఎడిటింగ్ బావుంటుంది."

మావయ్య నన్ను ఎగాదిగా చూశాడు. ఆయన సినిమాల్లో పుట్టి పెరిగినవాడు, డొంకతిరుగుడు కథలు ఇట్టే పట్టేస్తాడు.

"సరే. ఆదివారం మాట్నీకి సగం హాలు నిండాలి. తలకాయలు కాదు, టికెట్లు లెక్కేస్తాను. నిండకపోతే సోమవారం నుంచి మూడు హాళ్లూ పెద్ద సినిమాకే."

శుక్రవారం జనం విరగబడ్డారు. టికెట్ దొరకని వాళ్లు గుంపులుగా తిరిగారు. నేను వరండాలో నిలబడి వాళ్లు ఎప్పుడు పక్క హాల్లోకి తొంగి చూస్తారా అని చూశాను. వాళ్లు తొంగి చూడలేదు. తర్వాతి ఆటకి అదే సినిమా టికెట్లు కొనుక్కుని క్యాంటీన్లో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. తెలివిగలవాణ్ణనుకుని పప్పులో కాలేశాను.

మూడో హాల్లో మా అమ్మ, మా పిన్ని, ఏసీ కోసం వచ్చి గుర్రు పెడుతున్న ఒక పెద్దమనిషి ఉన్నారు. వెనక వరసలో ఎడిటర్.

"ఏవండీ, మీ ముస్తాబు జనం రాలేదే?" అంది. వెటకారంగా అనాలనుకుంది, అది వెటకారంలా వినపడలేదు.

శనివారం అమ్మ మళ్లీ వచ్చింది.

"నిన్న చూశావుగా అమ్మా?"

"సరిగ్గా అర్థం కాలేదురా," అంది అమ్మ, తల దువ్వుకుని వచ్చి.

ఆదివారం పొద్దున్నే పెద్ద సినిమా ఆఫీసు నుంచి ఫోన్. ఫస్టాఫ్ సాగుతోందని అందరూ తిడుతుంటే ఒక పాటా, ఒక ఫైటూ కోసేసి కొత్త కాపీ పంపారట. "ఓకే సార్," అని పెట్టేశాను. మామూలప్పుడైతే ఆ మాట విన్న మరుక్షణం బోర్డు దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. ఫస్టాఫ్ తగ్గితే ఇంటర్వెల్ ముందుకొస్తుంది కదా. కానీ నేను అప్పుడు బాత్‌రూం అద్దం ముందున్నాను. "ఎడిటర్ గారూ, మీతో ఒక విషయం మాట్లాడాలి" అని మొదలుపెట్టి ఒక పెద్ద ప్రసంగం సాధన చేస్తున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నా అసలు విషయం దాకా రావడం లేదు. బోర్డు సంగతి పూర్తిగా మర్చిపోయాను.

మాట్నీలో నా కొంప మునిగింది. ఒకటో హాలు తలుపులూ మూడో హాలు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. పెద్ద సినిమా జనం వరదలా వరండాలో పడ్డారు. క్యాంటీన్లో అరుపులు, పిల్లల ఏడుపులు, కాళ్ల కింద పాప్‌కార్న్. బెల్ మోగగానే అందరూ చేతుల్లో ట్రేలు పట్టుకుని, ముందున్నవాడి వీపు చూసుకుంటూ చీకట్లోకి దూరారు. ఆ వీపుల్లో సగం మూడో హాల్లోకి వెళ్లాయి.

నేను టార్చి పట్టుకుని లోపలికి పరుగెత్తాను. తెర మీద లిఫ్ట్ ఆగిపోయి ఉంది. అందులో హీరో, హీరోయిన్, వాళ్లిద్దరి మధ్య నిలువుగా ఇరుక్కున్న ఒక సోఫా.

"మన హీరో ఏడీ?" అంటున్నారు ఎవరో.

"ఇది ఫ్లాష్‌బ్యాక్‌లే. ఇప్పుడొచ్చి లిఫ్ట్ బద్దలుకొడతాడు చూడు."

చివరి సీట్లో లావుపాటి పెద్దమనిషి ఒళ్లో పాప్‌కార్న్ పెట్టుకుని కూర్చున్నాడు. వంగి మెల్లగా చెప్పాను. "సార్, ఇది మీ హాలు కాదు. మీ సినిమా పక్కన."

"తెలిసింది బాబూ. కాస్త అడ్డం తప్పుకో, సోఫా కదులుతోంది."

ఎడిటర్ వెనక గోడకి ఆనుకుని నిలబడింది. చీకట్లో కూడా కళ్లు మెరుస్తున్నాయి.

"సగం పైనే నిండింది," అంది.

చెప్పక తప్పలేదు. "వీళ్లు మనవాళ్లు కాదండీ. దారి తప్పి వచ్చారు. పెద్ద సినిమాని ట్రిమ్ చేశారు, నేను టైం మార్చడం మర్చిపోయాను."

"మీరా? మర్చిపోయారా? ఎందుకు?"

"పొద్దున అద్దం ముందు..."

"అద్దం ముందు ఏంటి?"

సరిగ్గా అప్పుడే హాలంతా ఘొల్లున నవ్వింది. తను నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ కట్ నాది," అంది. "అక్కడ మా అన్నయ్య కూడా నవ్వలేదు. తీసెయ్యమన్నాడు. నేనే మొండికేసి ఉంచాను." ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కాసేపటికి మెల్లగా అంది. "అయినా మీ మావయ్యగారు లెక్కేసేది టికెట్లు కదా."

ఆయన లెక్కేశాడు కూడా. ఆట అయ్యాక కౌంటర్లో చేతులు కట్టుకుని నిలబడి, తల అడ్డంగా ఊపాడు. "రెండు వరసలైనా లేవురా. మాటంటే మాటే. మాట్నీకి ఎర్ర బిళ్ల పెట్టు."

ఆఫీసులోకి వెళ్లి ఆకుపచ్చ బిళ్ల తీసి, గుప్పిట్లో పట్టుకుని కౌంటర్ దగ్గరికి తిరిగొచ్చాను. తలెత్తి ఎడిటర్ వైపు చూసే ధైర్యం లేకపోయింది.

కౌంటర్ కిటికీలోంచి పాప్‌కార్న్ పెద్దమనిషి తల పెట్టాడు.

"ఏవండీ, ఆ సోఫా లిఫ్ట్‌లోకి ఎలా వచ్చింది?"

"ఏ సోఫా?" అన్నాడు మావయ్య.

"అదే, లిఫ్ట్ సినిమాలో. మేం రెండో సగమే చూశాం. మొదటి సగం కావాలి. నాలుగు టికెట్లివ్వండి."

"మీరొచ్చింది పెద్ద సినిమాకి కదా?"

"దానికే వచ్చాం, ఇందులో పడ్డాం. అది రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. సోఫా సంగతి తేలకపోతే మా ఆవిడ ఈ రాత్రి నన్ను నిద్రపోనివ్వదు."

"ఉన్న మూడు హాళ్లలో ఒకటి వదలండి అన్నయ్యగారూ," అంది వెనక నుంచి వాళ్లావిడ.

ఆవిడ వెనక క్యూ ఉంది. క్యూ వరండా మలుపు తిరిగి క్యాంటీన్ దాకా వెళ్లింది. పోయిన సగం సినిమా కోసం ఎగబడ్డ జనాన్ని మావయ్య తన సర్వీసులో చూసి ఉండడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఫస్ట్ షోకి మూడో హాలు టికెట్లు ఇంకా తెరవలేదు కదూ?" అని నన్నడిగాడు.

"లేదు. మిగతా రెండూ నిండాక తెరుద్దామన్నారు."

"నా మాట నాది. మాట్నీ పెద్ద సినిమాకే." గొంతు సవరించుకున్నాడు. "సోఫావాళ్లకి ఈ సాయంత్రం ఆట ఇచ్చెయ్. రేపట్నించి కూడా రోజూ అదే."

ఆఫీసులోకి వెళ్లేసరికి ఎడిటర్ బోర్డు ముందుంది. చెయ్యి చాపింది. బిళ్ల ఇచ్చాను. మొదటి రోజు ఎక్కడ అంటించిందో సరిగ్గా అక్కడే అంటించింది. బయట చినుకులు మొదలయ్యాయి.

"చానల్‌వాళ్లకి ఫోన్ చేసి రానని చెప్పేశాను," అంది. "ఇంతకీ అద్దం ముందు ఏంటో చెప్పలేదు."

చొక్కా సర్దుకున్నాను. "ఎడిటర్ గారూ, మీతో ఒక విషయం మాట్లాడాలి. మీరు మొదటిసారి మా ఆఫీసుకి వచ్చినప్పుడు వాన పడుతోంది, గొడుగు నా కుర్చీకి..."

"ఫస్టాఫ్ సాగుతోంది. కట్ చెయ్యండి."

"మీరు ఈ ఊరు వదిలి వెళ్లిపోతే నాకు..."

"ఇంకా కొయ్యొచ్చు."

"ఉండిపోండి. నా దగ్గర."

"ఇది బావుంది," అంది. "ఇందులో ఒక్క మాట కూడా తియ్యను." నా చొక్కా చెయ్యి మళ్లీ పట్టుకుంది. ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు.

"అయిందా?" అంది గుమ్మంలోంచి అమ్మ. పక్కన పిన్ని. "మూడు రోజుల్నించీ నడుం పట్టేసింది నాకు."

"మూడుసార్లు చూశారు కదండీ," అంది ఎడిటర్ సిగ్గుపడుతూ. "సోఫా ఎలా వచ్చిందో మీరైనా ఆ పాప్‌కార్న్ ఆయనకి చెప్పాల్సింది."

"సినిమా ఎవరు చూశారమ్మా? వీడు ఇంట్లో పొద్దస్తమానం ఎడిటింగ్ ఎడిటింగ్ అంటుంటే, ఆ ఎడిటింగ్ ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాను. మూడు రోజులూ వెనక్కి తిరిగి నిన్నే చూస్తున్నాను. నాకు నచ్చింది. మీ అన్నయ్యతో మాట్లాడి మంచి శుక్రవారం చూసుకుందాం."

"వచ్చే నెల మొదటి శుక్రవారం వద్దు," అని కౌంటర్లోంచి కేకేశాడు మావయ్య. "ఆ రోజు ఇంకో పెద్ద సినిమా వస్తోంది. పెళ్లికి ఒక్కడూ రాడు."

ఎడిటర్ నా వైపు చూసి, గొంతు పెంచి జవాబు చెప్పింది.

"అదే రోజు పెట్టించండి మావయ్యగారూ. ఊరంతా ముస్తాబై బయటికొస్తుంది. టికెట్ దొరకని వాళ్లందరూ మన పెళ్లికే వస్తారు."