ఖాళీ ఇంటి మెట్ల మీద తెల్లగుడ్డ

కువైట్‌లో, ఫహాహీల్‌లో సముద్రం రోడ్డుకు వెనక వీధిలో ఒక ఖాళీ ఇల్లుంది. దానికి మంచి పేరు లేదు. అందులో ఉన్న ముసలామె పోయాక కొడుకులు తలుపుకు తాళం వేసి వెళ్ళారట, రాత్రయితే లోపల ఎవరో ఆడమనిషి ఏడుస్తుందట. చెత్త డ్రమ్ము సరిగ్గా ఆ ఇంటి గోడ పక్కనే పెట్టారు... మా కర్మ.

ఆ వీధిలో ఇళ్ళలో పనిచేసే మేమంతా అటు జంటగా వెళ్ళేవాళ్ళం. ఒక రాత్రి మునిలక్ష్మికి తోడు దొరకలేదు. ఆమెది రాయచోటి దగ్గర పల్లె. ఊళ్ళో తల్లి మంచం పట్టింది. సెలవడిగితే మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, రంజాన్ అయ్యాక చూద్దామంది. ఆ దిగులుతోనే చెత్త సంచి పట్టుకుని ఒంటరిగా వెళ్ళిందట.

గోడ వెనక... సన్నగా ఏడుపు.

సంచి జారిపోయింది. గేటు సందులోంచి చూస్తే — మెట్ల మీద ఒక ఆకారం. తలకు తెల్లగుడ్డ... మొహం కనబడలేదు. ఆంజనేయస్వామిని తలుచుకుంది. ఆకారం లేచింది. దగ్గరికొచ్చింది —

"మామాకు చెప్పొద్దు," అంది అరబ్బీలో, గుసగుసగా.

దెయ్యం కాదు. ఎదురింటి వంటమనిషి లియెన్, వియత్నాం పిల్ల. తల్లి చనిపోతే యజమానులు ఊరికి పంపలేదట. ఇంట్లో ఏడిస్తే కసురుతారని, వాళ్ళ ఆచారం ప్రకారం తలకు తెల్లగుడ్డ కట్టుకుని ఇక్కడికొస్తోంది.

వచ్చీరాని అరబ్బీలో ఆ పిల్ల తన ముత్తాతల నాటి సంగతి చెప్పింది. వాళ్ళ వంశంలో ఒకాయన ఏళ్ళ తరబడి చదివి, పరీక్షలు నెగ్గి, రాజుగారి కొలువులో అధికారి అయ్యాడట. అంగీ మీద కుట్టిన పక్షిని చూసి, తొమ్మిది హోదాల్లో ఆయనది ఏదో చెప్పేవాళ్ళట. సొంతవాళ్ళకు మేలు చేస్తాడని సొంతూళ్ళో కొలువివ్వరు, దూరపు జిల్లాకు వేస్తారు. కానీ తల్లి పోయిందని కబురొస్తే అధికార ముద్ర అప్పగించి ఇంటికెళ్ళి, మూడేళ్ళు దుఃఖం పాటించాల్సిందే. కబురు దాచి కొలువులో ఉంటే నేరం.

లియెన్ మాత్రం కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మాట కాదని ఊరికి బయల్దేరితే, పారిపోయిందని కేసు.

"ఆయన ఇంటికి పోకపోతే శిక్ష," అందట. "నేను పోతే శిక్ష."

మునిలక్ష్మి గేటు సందులోంచే ఆమె చేయి పట్టుకుంది. ఇదంతా తర్వాత మునిలక్ష్మే నాకు చెప్పింది.

చలికాలంలో లియెన్ యజమానులు ఇల్లు మారారు, ఆమెనూ తీసుకుపోయారు. ఇక భయం లేదని నేనే అందరికీ ధైర్యం చెప్పాను. పెద్ద మొనగత్తెలా మొన్న రాత్రి ఒక్కదాన్నే చెత్త వేయడానికి వెళ్ళాను...

గోడ వెనక మళ్ళీ ఏడుపు.

గేటు తోసి చూశాను — అవే మెట్లు. తలకు తెల్లటి తువ్వాలు. మునిలక్ష్మి.

"మాయమ్మ పోయినాదక్కా," అంది. "మామా మళ్ళా రంజాన్ అయినాక చూద్దామంటాంది."