ఏడో రిలే

ఆ ఉదయం ఆకాశం తోమని గిన్నెలా ఉంది. వర్షం పడాలా మానాలా తేల్చుకోలేక తెల్లారిన దగ్గర్నుంచీ జల్లు చిలకరిస్తూనే ఉంది.

హెడ్‌క్వార్టర్స్ నాలుగో అంతస్తులో చీఫ్ కిటికీ తెర లాగాడు. బల్లకి ఇవతల ఏజెంట్ నిలబడ్డాడు. ఆఫీసులో అందరూ అతన్ని ముంగి అంటారు. రోజుకి పది మాటలు మించి ఆడడు. కళ్ళు మాత్రం ఊరుకోవు.

"పదకొండింటికి మన సాక్షి కోర్టుకెళ్తాడు. విదేశీ ముఠా గుట్టంతా ఆయన నోట్లోనే ఉంది. ఆయన ఎక్కే కారులో బాంబు పెట్టారని కబురు."

"వేరే కారు?"

"తూటా దిగనిది అదొక్కటే. దారి పొడుగునా తుపాకులున్నాయి." చీఫ్ ఒక పెన్ను అందించాడు. "స్కానర్. బాంబుంటే ఎర్రగా వెలుగుతుంది. ఇంకోమాట. ఆ కారు వైరింగంతా చేసింది ఒక్కడే. మీ మేనమామ. పదకొండులోపు ఇంకో దొంగని చూపించకపోతే ఆయనకే బేడీలు."

ముంగి గడియారం చూశాడు. పెన్ను జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

అతను షెడ్డు చేరేసరికి పదిన్నర. ట్రయల్ తిరిగొచ్చిన నల్లటి కారు, ఒళ్ళంతా తడితో, మధ్యలో నిలబడి ఉంది. మేనమామ నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఎగాదిగా చూశాడు.

"ఏరా గుమాస్తా! పని నేర్పితే వదిలేసి కుర్చీలో కూర్చున్నావ్. ఇప్పుడు దారి తప్పావా?"

"కారు చూద్దామని, మామయ్యా."

"చూడు. చూడ్డానికి చదువక్కర్లేదుగా."

కారు పక్కన సెంటు వాసన గుప్పుమంటూ ఒకామె నిలబడింది. మారుపేరు నెమలి. పైకి కారు డిజైనర్. అసలుకి ముఠాలో మనం పెట్టిన డబుల్ ఏజెంట్. ఎవరి వైపు ఎంత 'డబుల్' అన్నది ఫైల్లో రాసి లేదు. ముంగి దగ్గరికి రాగానే గుసగుసలాడింది.

"వెనక సీటు కింద చూడు. పక్కా సమాచారం."

ముంగి ఆమె గోళ్ళ రంగు వైపు ఒకసారి చూసి, ముందుకెళ్ళి బానెట్ ఎత్తాడు. పెన్ను ఆకుపచ్చగానే వెలిగింది. బాంబుని సీసపు పెట్టెలో దాస్తే పాపం పెన్నేం చేస్తుంది? దాన్ని జేబులో పడేసి, చిన్నప్పుడు మామయ్య మొట్టికాయలు వేసి నేర్పిన పద్ధతిలో చూడ్డం మొదలెట్టాడు.

బ్యాటరీ పక్కన, ఎండా వానా తగలని మూలలో ఆరు రిలేలు, కరెంటుని కలిపే చిన్న స్విచ్చి డబ్బాలు. అన్నీ వైర్లు తగిలించే కాళ్ళు కిందికి పెట్టి బిగించినవి. ప్రతి వైరుకీ కింద చిన్న వంపు, నీటిచుక్క లోపలికి పోకుండా అక్కడే జారిపోయేలా. మామయ్య చేతి రాత అది.

ఏడోది ఇంజన్ వెనకున్న ఇనపగోడ నడిమధ్యలో ఉంది. కింద నిప్పులు కక్కే ఎగ్జాస్ట్. పైన, అద్దం మీది నీళ్ళు దిగే వైపర్ల జాలీ. రిలే కాళ్ళేమో ఆకాశం వైపు. అందంగా, తిన్నగా, షోకేసులో బొమ్మలా బిగించారు. దాని వైర్లు రెండు. ఒకటి హారన్‌కి, ఇంకోటి డాష్‌బోర్డు లోపల బాంబు దాచిన చోటికి. కోర్టు గేటు దగ్గర డ్రైవర్ హారన్ కొడితే చాలు.

"ఇది పెట్టినవాడు పొట్టకూటికి ఈ పని చేసినవాడు కాదు," అన్నాడు ముంగి.

"మా ఇంజనీర్ రెండు దేశాల్లో చదివాడు," అంది నెమలి. అనేశాక నాలుక కరుచుకుంది. చేతిలోకి పిస్టల్ వచ్చేసింది. "కదలకు."

అప్పుడే ముంగి చూశాడు. అద్దం మీది తడి జాలీలోకి జారి, అంచున ఒక చుక్క ఉబ్బుతోంది. సూటిగా రిలే కాళ్ళ మీదికి. అది పడితే కాళ్ళు కలుస్తాయి, హారన్ అక్కర్లేదు. చటుక్కున అరచెయ్యి అడ్డం పెట్టాడు. చుక్క చేతిలో పడింది. వెనకే ఇంకోటి ఉబ్బింది.

"కాల్చుకో. చెయ్యి వాలితే నీ ఇంజనీర్ పనితనం నీకే ముందు తెలుస్తుంది."

నెమలి జాలీ వైపు చూసింది. ముఖానికి వేసుకున్న రంగు తప్ప మిగతా రంగంతా పోయింది. వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుపోయింది. 

"మామయ్యా! పది నంబర్ స్పానర్. బ్యాటరీ నెగటివ్ తీసెయ్."

మేనమామ వచ్చి, ముందు ఏడో రిలే వైపే చూశాడు. "ఏ దరిద్రుడు పెట్టాడ్రా దీన్నిక్కడ?"

"తర్వాత తిడుదువుగాని."

"అడ్డు లేమ్మా," అని పిస్టల్‌ని మోచేత్తో పక్కకి నెట్టి, ఆయన నట్టు విప్పాడు. కేబుల్ ఊడొచ్చింది. అదే స్పానర్‌తో ఆమె మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. పిస్టల్ నూనెమడుగులో పడింది.

పదకొండుకి రెండు నిమిషాలుండగా ముంగి వైర్‌లెస్‌లో కోడ్ వర్డ్ చెప్పాడు. "రేడియేటర్ చల్లబడింది. ఇంజనీర్‌ని పట్టుకోండి. మా మామయ్యకి బేడీలక్కర్లేదు, అవి ఇక్కడ ఇంకొకరికి సరిపోతాయి."

బాంబు స్క్వాడ్ సీసపు పెట్టె ఊడదీసింది. మామయ్య కేబుల్ బిగించాడు. సాక్షి కాస్త ఆలస్యంగానే అయినా కోర్టుకి వెళ్ళాడు. నెమలిని తీసుకెళ్ళాల్సిన వ్యాన్ మాత్రం వానలో ఎక్కడో ఆగిపోయింది. దాని రిలేలు ఎవరు బిగించారో మరి.

మేనమామ డబ్బా విప్పి రొట్టె, ఉడికిన గుడ్లు మూడు వాటాలు వేశాడు. ఒకటి నెమలి బేడీల చేతి ముందుకి తోశాడు. ముగ్గురూ తినడం మొదలెట్టారు. బల్ల మధ్యలో ఏడో రిలే కాళ్ళు పైకి పెట్టుకుని పడి ఉంది. సగం రొట్టె తిన్నాక మేనమామ ఇక చూడలేక, ఎడంచేత్తో దాన్ని తిరగేసి పెట్టి, మళ్ళీ తినసాగాడు.