పన్నెండడుగుల దూరం నుంచి

"ఏమండీ, నా ముక్కు ఇంతుందా?"

శ్రీరమ్య ఫొటోను బల్ల మీద పెట్టింది. పర్చూరులో స్టూడియో తెరిచి మూడు నెలలైన యలమంద ఫొటోనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"లేదండీ. చక్కగా ఉంది."

"మరి ఇందులో?"

"అది... లెన్సు వల్లండీ. పెళ్లి పందిరంతా ఒకేసారి పట్టే వైడ్ లెన్సు. దగ్గరికెళ్లి తీస్తే ముందున్నది పెద్దదవుతుంది."

"ఆ సంగతి ఎప్పుడు తెలిసింది?"

"మీ ఫొటో ప్రింటేశాక."

"అయినా ఇచ్చారా! రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. మా నాన్న అద్దంలో తన ముక్కు చూసుకుని బాధపడుతున్నాడు. ఆదివారం మా కల్లానికొచ్చి మళ్లీ తీయండి. సోమవారం కొత్త సంబంధం వాళ్లకి పంపాలి."

నాలుగు రోజులు యలమంద పక్క కొట్టు టైలర్ సుభానీని కూర్చోబెట్టి, ఉన్న రెండు లెన్సులతోనూ తీశాడు. ఏ దూరంలో ముఖం ఎలా మారుతుందో రాసుకున్నాడు. ముఖం బాగా రావడం ఎలాగో తెలిసింది. పాడుచేయడం ఎలాగో కూడా తెలిసింది. బాగా వస్తే ఆమె వేరే ఇంటికి వెళ్లిపోతుంది.

ఆదివారం కల్లమంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్లు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. యలమంద సంచిలోని రెండు లెన్సులనూ కాసేపు చూశాడు. ముఖాలకు పనికొచ్చే పొడుగు లెన్సే బిగించి, పన్నెండడుగులు వెనక్కి నడిచాడు.

"అంత దూరమెందుకండీ?" అని అరిచింది శ్రీరమ్య.

"ఈ లెన్సుకి ఇంత కావాలండీ!"

కెమెరాలో ఆమె ముఖం ఉన్నది ఉన్నట్టు కనిపించింది. ఒక మనిషిని ఉన్నట్టుగా నిలిపి ఉంచడం చిన్న విషయం కాదనిపించింది అతనికి. మీట నొక్కాడు.

"ఇది పంపకండి," అన్నాడు మెల్లగా.

"ఏంటీ?"

"పంపొద్దండీ!"

"మళ్లీ పాడైందా?"

"బాగొచ్చింది! చూస్తే ఒప్పేసుకుంటారు!"

"మంచిదేగా!"

"మీకు మంచిదేనండీ! నాకే..." మిరప ఘాటుకి దగ్గొచ్చింది. ఆపుకుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు. "నాకు మీరంటే ఇష్టమండీ!"

తాలుకాయలు ఏరే చేతులు ఆగిపోయాయి.

"మాకందరికీ వినపడిందయ్యా," అంది వాళ్లలో పెద్దదైన కోటేశ్వరి.

శ్రీరమ్య తండ్రి బాపయ్య భుజం మీది బస్తా దించాడు. యలమందను ఎగాదిగా చూశాడు. "ఏమ్మా, నీకు వినపడిందా?"

శ్రీరమ్య నవ్వు ఆపుకుంది.

"లేదు నాన్నా. దగ్గరకొచ్చి చెప్పమను."

బాపయ్య అటు తిరిగి, అప్పుడే తిరగబోసిన కాయల్నే మళ్లీ తిరగబోయడం మొదలుపెట్టాడు.